ఏడో నంబరు

ఎర్ర నాడాతో కట్టిన మూడు దస్త్రాలు
మా పంచాయతీ ఆఫీసు బల్ల మీద పెట్టిపోయినారు.
ఎగిరిపోకుండా పైన ఒక రాయి పెట్టినా.
లోపలుండేదంతా గాలే.

మొదటి కాగితం,
నల్లగుట్ట మీద సన్నటి స్తంభం నాటి
రెండేండ్లు గిన్నెలు తిప్పి లెక్కపెట్టిన గాలి.
ఆషాఢానికి ఇంత, కార్తీకానికి ఇంత.
మా లెక్క వేరే.
ఆషాఢంలో ఆరేసిన చీర పక్కూరి కంపలో దొరుకుతాది,
కార్తీకంలో దీపం గడప మీదే నిలుస్తాది.

రేణిగుంట విమానాలోళ్ళు
రెక్క కొన ఎంతెత్తుకు పోతాదో అడిగి
ఎర్రలైటు పెట్టుకోమన్నారు.
అడవి శాఖ ఏనుగుల దావ చూపించమనింది.
ఏనుగులు ఎవర్నీ అడక్కుండా
మొన్న రాత్రి చెరుకుతోటలో దిగినాయి.
గనులోళ్ళు, రోడ్లోళ్ళు, కరెంటోళ్ళు,
తలా ఒక ముద్ర.
మిగిలింది నా సంతకం:
‘గ్రామమునకు అభ్యంతరము లేదు.’

కోయంబత్తూరు నుంచి ఇంజనీరు వచ్చినాడు.
తిరునావుక్కరసు.
మా అటెండరు ఆ పేరును ముక్కలు చేసి
చివరి ముక్క ఉంచుకున్నాడు, అరసు.
పటం పరిచినాడు. పదకొండు చుక్కలు.
‘ఏ ఇంటికైనా అయిదొందల మీటర్లు ఎడం మేడం, నిబంధన.’
ఏడో చుక్క దగ్గర నా వేలు ఆగింది.
ఈడ కుప్పమ్మోళ్ళు ఉండారు గదా?
అతను కాగితాలు తిరగేసినాడు,
నిజాయితీగానే తిరగేసినాడు.
‘రికార్డులో ఇల్లు లేదండీ. గుట్ట పోరంబోకు.’

లేదు. నంబరు లేదు, పన్ను లేదు, మీటరు లేదు.
బోద కప్పు, వాకిట్లో రెండు తేనె డబ్బాలు, ఒక మేక,
ముప్పై ఏండ్ల పొయ్యి పొగ.
పొగను కొలిచే స్తంభం ఎవరూ నాటలేదు.

సర్వేయరు మస్తాన్‌వలి, నేను, ఎండలో గుట్టెక్కినాం.
ఏడో మేకు నుంచి గొలుసు లాక్కుంటా పోతే
నూట ఎనభైకే కుప్పమ్మ గడప తగిలింది.
‘దీన్ని గడపని నేను రాయాలంటే
ముందు ఇది ఇల్లని మీరు రాయాల మేడం’ అన్నాడు వలి.
తేనె కాలం కాదు. కుప్పమ్మ నీళ్ళిచ్చింది.
‘ఎన్నిసార్లు కొలస్తారు తల్లీ?
ఒకపారి జనాభాకు, ఒకపారి మరుగుదొడ్డికి.
కొలిచినోళ్ళు కొలిచినట్టే పోయినారు.
నేను పొడుగైందీ లేదు, పొట్టైందీ లేదు.’

దిగొచ్చి రసీదు పుస్తకం తెరిచినా.
డోరు నంబరు నాలుగు బై అరవైయొకటి బై ఎ.
ఇంటి పన్ను నలభై రూపాయలు, నా పర్సులోంచి.
నాకా అధికారం ఉందా?
పుస్తకంలో వెతికితే ఉందనీ ఉంది, లేదనీ ఉంది.
కార్బన్ పెట్టి గట్టిగా నొక్కి రాసినా,
కింది కాపీలో కూడా ఇల్లు పడేటట్టు.

అరసు తిట్టలేదు.
చుక్క చెరిపి తూర్పు గట్టు మీదికి జరిపినాడు.
‘ఆడ గాలి కొంచెం తక్కువ’ అన్నాడు,
బిడ్డకు జొరం అని చెప్పినట్టు.
ముద్రలన్నీ మళ్ళీ మొదట్నించి. ఎనిమిది నెలలు.
ఆ ఎనిమిది నెలల్లో
ఊళ్ళో కరెంటు పోయిన రాత్రులు లెక్కపెట్టుకున్నా.
అదీ నా పద్దే.

ఇప్పుడు ఏడో నంబరు తిరుగుతా ఉంది.
పొద్దు పొడిచేటప్పుడు దాని నీడ
లోయ దాటొచ్చి కుప్పమ్మ వాకిట్లో పడతాది.
నీడకు ఎంత ఎడం ఉండాలో ఏ కాగితంలోనూ లేదు.
మనవరాలు దేవసేనకు అదొక తాడాట,
రెక్క నీడ వచ్చినప్పుడల్లా ఎగిరి దాటుతాది.
కుప్పమ్మ మాత్రం గోడ తట్టు తిరిగి కూచుంటాది.
కండ్లు గుంజుతాయంట.

నా బల్ల మీద రాయి అట్నే ఉంది.
దాని కింద కుప్పమ్మ వేలిముద్రతో ఒక అర్జీ,
విషయము: నీడ.
ఏ శాఖకు పంపాలో
ఇంకా రాయలేదు.